గీటు ఫలకం

నాలుగు మరలూ విప్పి, విప్పిన వరస చెడకుండా అరచేతిలో పట్టుకుని, "ఏదైనా మూత ఒకటి ఇవ్వండమ్మా," అన్నాడు తవిటినాయుడు. వరహాలమ్మ ఆవకాయ జాడీ మూత తుడిచి తెచ్చింది. మరలు పెట్టుకోడానికి శాఖవాళ్ళు అయస్కాంతపు పళ్ళెం ఇచ్చారు, ఇవ్వలేదని కాదు. ఇచ్చిన నెలకే దాన్ని ఎవరింట్లోనో మర్చిపోయాడు. అడిగితే ఇంకొకటి ఇస్తారు. కానీ అడగడానికి పదకొండు గడులున్న పత్రం నింపాలి. అంతకన్నా ఆవకాయ మూత నయం.

యంత్రం పక్క రేకు ఊడదీశాడు. లోపలినుంచి వేడిగాలీ, దాంతోపాటు సాంబ్రాణి వాసనా గుప్పుమన్నాయి.

"శుక్రవారం శుక్రవారం పొగ వేస్తారా?"

"వేస్తాను బాబూ. వెయ్యకూడదేటి?"

"వెయ్యండి. దీనికి దూరంగా వెయ్యండి."

ఆవిడ తప్పు చేసినదానిలా తలూపింది. తవిటినాయుడు ఇలాంటి ముఖాలు రోజుకి నాలుగు చూస్తాడు. గుమ్మంలో అతని నీలం చొక్కా కనబడగానే జనం మంచినీళ్ళివ్వడం కూడా మర్చిపోయి, చేతులు కట్టుకుని నిలబడిపోతారు. పదకొండేళ్ళ ఉద్యోగంలో అతన్ని కూర్చోమన్న ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మొదట్లో బాధపడేవాడు. ఇప్పుడు తన ముక్కాలిపీట తనే తెచ్చుకుంటున్నాడు.

గోడంతా నిన్నటి వీధి నిలిచిపోయి ఉంది. సన్నటి సిమెంటు దారి, దాని అవతల ఎదురిల్లు, ఆ ఇంటి అరుగుమీద చాటలో చిక్కుడుకాయలు వేసుకుని కూర్చున్న ఒకావిడ. చాట స్పష్టంగానే ఉంది. చిక్కుడుకాయలు ఎన్నో లెక్కపెట్టొచ్చు. ఆవిడ ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఆకుపచ్చ గళ్ళూ, అడ్డంగా నాలుగు గులాబీ చారలూ ఉన్నాయి.

"మూడ్రోజులబట్టీ ఇలగే ఉంది," అంది వరహాలమ్మ. "మాట వినబడతాది. ముఖం కనబడదు. నిన్న ఏదో చెప్తా చెప్తా ఆగిపోయింది సింహాచలం. నవ్విందో, ఏడ్చిందో నాకు తెలీలేదు. అడిగితే ఏటనుకుంటాదో అని అడగలేదు."

"ఎన్నేళ్ళబట్టీ మీకు ఎదురిల్లు?"

"తొమ్మిదేళ్ళు."

ఎండకట్టు వచ్చి పందొమ్మిదేళ్ళయింది. పగలు బయట కాలు పెడితే చెప్పు కరిగి అంటుకుపోతుంది, రాత్రి గోడలు సెగలు కక్కుతాయి. అందుకని ఊరిని పేటలుగా, పేటల్ని గూళ్ళుగా మార్చి, గూటికీ గూటికీ మధ్య నీడనడవలు వేశారు. నడవలో నడవాలంటే కారణం చెప్పాలి. పోయిన వీధులకి బదులు ప్రతి గూటికీ ఒక గోడ ఇచ్చారు. సాయంత్రం అయిదునుంచి ఏడుదాకా వీధివేళ. అప్పుడు ఎక్కడెక్కడి గూళ్ళో ఒకే వీధిగా కలుస్తాయి, ఎవరి అరుగుమీద వాళ్ళు కూర్చుంటారు. ఎవరి ఇల్లు నిజంగా ఎక్కడుందో ఎవరికీ చెప్పరు. చెబితే జనం కలుసుకోవాలంటారని, నడవలు చాలవని శాఖ భయం. ఆ వీధినంతా గీసేది ఇంటి యంత్రంలో ఉన్న చిత్రఫలకం. అరచేతికన్నా కాస్త పెద్దది. అది పోతే గోడ పోతుంది. కొత్తదానికి వరసలో నాలుగేళ్ళు.

తవిటినాయుడు మీట ఆపి, ఫలకాన్ని మెల్లిగా ఊడదీసి దీపం కింద పెట్టాడు. రేకుల గుత్తి మధ్య సాంబ్రాణి జిడ్డు, జిడ్డుకి దుమ్ము, దుమ్ముకి వల దారాల నూగు పేరుకుని కంబళిలా ఉంది. వరహాలమ్మ సముద్రపు గట్టువాళ్ళకి వలలు కడుతుంది, ఆ నూగు ఇల్లంతా ఎగురుతుంది. ఫ్యాను వేలితో తిప్పితే రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది.

"చచ్చిందా?" అంది ఆవిడ, గొంతు చిన్నది చేసుకుని.

"ఊపిరాడక కొట్టుకుంటోంది. కంగారుపడకండి."

పళ్ళు తోముకునే బ్రష్షుతో రేకులు తోమాడు. ఫ్యాను ఇరుసులో రెండు చుక్కలు నూనె వేశాడు. ఎండి పెచ్చులైన, వేడిని లాగే పేస్టు గోకి, కొత్తది రాశాడు. జేబులోంచి పెన్సిలు రబ్బరు తీసి, ఫలకం అంచున ఉన్న బంగారపు కాళ్ళని ఒకేవైపుకి పదిసార్లు రుద్దాడు. శాఖ పుస్తకంలో ఈ రబ్బరు సంగతి లేదు. శాఖలో అందరూ చేసేది మాత్రం అదే. తిరిగి గాడిలో నొక్కి, మీట వేశాడు.

నల్లబడ్డ గోడ మళ్ళీ వచ్చింది. ఎదురింటి అరుగుమీద సింహాచలం ముఖం వచ్చింది. చామనచాయ, పెద్ద ముక్కుపుడక, నోరు సగం తెరిచి ఉంది. నవ్వే.

"నవ్వుతోంది!" అంది వరహాలమ్మ. "సచ్చినోడా, నవ్వుతోంది చూడు!" అన్నాక, ఎవరిని అన్నదో గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది. "ఏటనుకోకండి బాబూ." పరుగున వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! కానీ ముఖం కనబడితే చాలని శాఖ ఒప్పుకోదు. గీటు పరీక్ష చెయ్యాలి.

తవిటినాయుడు సంచీలోంచి ఎర్రగుడ్డ మూట విప్పి, తన గీటు ఫలకం తీశాడు. బంగారానికి గీటురాయి ఎలాగో, ఇళ్ళ ఫలకాలకి ఇది అలాగ. జిల్లాలో తొమ్మిదిమంది పరీక్షకులకి తొమ్మిది గీటు ఫలకాలు. ఇంటి ఫలకంతో ఒక దృశ్యం గీయించాలి, గీటు ఫలకంతో అదే దృశ్యం గీయించాలి, రెండిటినీ శాఖ ఇచ్చిన మాట్లాడే పలక పోలుస్తుంది. తేడాలు మూడుదాకా పరవాలేదు. నాలుగైతే ఫలకం రద్దు.

దృశ్యం ఎప్పుడూ ఒకటే, వానలో చేపల బజారు. రెండు లక్షల పొలుసులు, ప్రతి పొలుసుమీదా వానచుక్క, గొడుగులు, గంపలు, మూడో గంప అంచున ఒక కాకి. తవిటినాయుడు నిజం చేపల బజారు చూసి ఇరవయ్యేళ్ళు దాటింది. ఈ బజారు మాత్రం కొన్ని వేలసార్లు చూశాడు. అందులో అమ్మేవాళ్ళంటే అతనికి అభిమానం కూడా ఏర్పడింది. అతన్ని చూసి చేతులు కట్టుకోనివాళ్ళు వాళ్ళే మరి.

పలక పోల్చడం ముగించి, తన ఎత్తుపల్లాల్లేని గొంతుతో చెప్పింది. "తేడాలు నలభై ఒకటి."

అతను లేచి పీట మడిచాడు. ఇక్కడ చెప్పాల్సిన మాట ఒకటుంది, పదకొండేళ్ళుగా అదే మాట. "పైకి బాగానే కనబడుతుందమ్మా. లోపల పోయింది. నేను చెయ్యగలిగింది లేదు."

వరహాలమ్మ గోడకేసి చూసింది, అతనికేసి చూసింది. ఏడవలేదు. "ఆ రెండు బొమ్మలూ కలవలేదు. అంతేనా?"

"అంతే."

"కలవకపోతే తప్పు నాదేనని ఎలగ తెలిసింది?"

"అది గీటు ఫలకమమ్మా."

"అయితే?"

తవిటినాయుడు నవ్వాడు. వలలు కట్టుకునే మనిషికి ఏం చెప్పాలి? నవ్వాక, చెప్పడానికి ఏమీ లేదని అతనికే తెలిసింది. గీటు ఫలకం ఎందుకు తప్పు కాదంటే, అది గీటు ఫలకం గనక. పదకొండేళ్ళలో ఈ ప్రశ్న ఇంకెవరూ అడగలేదా? అడిగే ఉంటారు. తనే వినిపించుకోకుండా పీట మడిచి ఉంటాడు.

"నా దగ్గర రెండు కొలకర్రలు ఉంటాయి బాబూ," అంది ఆవిడ, వల కన్ను కొలిచే వెదురుపుల్ల చూపించి. "రెండూ కలవకపోతే, ఒకే కన్నుని ఒక్కొక్క పుల్లతో రెండేసిసార్లు కొలుస్తాను. తనతో తనే కలవని పుల్లని విరిచి పొయ్యిలో పెడతాను."

అతను మళ్ళీ కూర్చున్నాడు. ఇంటి ఫలకంతో బజారుని రెండుసార్లు గీయించి, ఆ రెండిటినే పోల్చమన్నాడు. తేడాలు సున్నా. గీటు ఫలకంతో రెండుసార్లు గీయించి, వాటిని పోల్చమన్నాడు.

"తేడాలు ముప్ఫయ్యేడు."

రెండో బొమ్మలో మూడో గంపమీద కాకి లేదు.

గాడిలో ఇంటి ఫలకం తిరిగి పెట్టి, ఊడదీసిన గీటు ఫలకాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వెనక్కి తిప్పాడు. పదకొండు దసరాల పసుపూ కుంకుమా అక్కడ గట్టిపడి ఉన్నాయి. ఆయుధపూజనాడు శాఖలో తొమ్మిది గీటు ఫలకాలనీ పీటమీద వరసగా పెట్టి, తడి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, హారతిచ్చేవారు. బొట్టు చెరపడం అశుభమని ఎవరూ తుడిచేవారు కాదు. అతనే ఓ ఏడు ఊదబోతే పెద్దసారు "ఒరే ఒరే" అని చెయ్యి పట్టుకున్నాడు. దసరా కుంకుమలో సున్నం. సున్నానికి తేమ. ఆ తడి ఓ జ్ఞాపకపు గడి కిందికి పాకి, వెంట్రుకలాంటి రాగిదారాల్ని ఎప్పట్నించో తినేస్తోంది. చల్లగా ఉన్నంతసేపూ దారాలు ఆనుకునే ఉంటాయి. వేడెక్కితే విడిపోతాయి.

వేడెక్కితే! పలకలో తన లెక్కలు తెరిచాడు. రద్దు చేసిన ఇళ్ళు ఆరువందల పధ్నాలుగు. వాటిలో మధ్యాహ్నం పన్నెండు దాటాక పరీక్షించినవి అయిదువందల తొంభై. దీనిమీద అతను నాలుగేళ్ళ కిందట నివేదిక కూడా రాశాడు, పడమటి పేటల్లో ఎండపొద్దు ఫలకాల్ని తొందరగా చంపేస్తోందని. శాఖ మెచ్చుకుని ప్రశంసాపత్రం ఇచ్చింది. దాన్ని పటం కట్టించి, తన గూట్లో మంచం ఎదురుగా పెట్టుకున్నాడు. ఎండపొద్దు కాదు. పొద్దున్నే తిరిగే తూర్పు పేటల్లో ఇది చల్లగా ఉండి నిజం చెప్పింది, మధ్యాహ్నం తిరిగే పడమటి పేటల్లో తన సంచీలో ఉడికి అబద్ధం చెప్పింది. ఆ సెగలో మోసుకొచ్చింది తనే.

"ఓరి దేవుడా," అన్నాడు తవిటినాయుడు పైకే.

వరహాలమ్మకి అంతా చెప్పాడు. చెప్పకుండా ఉండగలిగితే బాగుండేది కానీ ఆవిడ అతని ముఖంకేసి చూస్తూ కూర్చుంది.

ఆవిడకి ముందు అర్థమైంది తన సంగతి. "అయితే అది చల్లారాక మళ్ళీ చూడండి. నాది బాగుందని వస్తాది."

"వస్తుంది."

"అందులో అబద్ధం లేదు గదా?"

"లేదు. మీ ఫలకం నిజంగా బాగుంది. అరగంట నీళ్ళకుండకి ఆనించి పెడితే రెండో మూడో తేడాలొస్తాయి. వేలిముద్ర వేస్తాను. అయిదు గంటలకి మీ వీధి మీకు."

"మరింకేటి?"

ఇంకేమిటంటే, గీటు ఫలకాన్ని రద్దు చేస్తే దాంతో చేసిన రద్దులన్నీ కొట్టుబడిపోతాయి. ఆరువందల పధ్నాలుగు ఇళ్ళూ మళ్ళీ చూడాలి. ఆ ఇళ్ళ ఫలకాలు శాఖ కొట్లో పేర్లు కట్టి అలాగే ఉన్నాయి. బాగున్నాయన్న పాత తీర్పులు నిలుస్తాయి. కానీ తప్పు బయటపడిన ఈరోజు ఇచ్చే తీర్పు కూడా అందులోనే పోతుంది. పరీక్ష మొదలుపెట్టిన ఇంటికి తీర్పు రాకపోతే గోడ వెంటనే మూతపడుతుంది. కొత్త గీటు ఫలకం రావడానికి ఎనిమిది నెలలో, ఏడాదో. వరహాలమ్మ గోడ బాగుండీ మూతపడాలి.

"రేపు రద్దు చెయ్యండి," అంది ఆవిడ.

"రేపు చేసినా ఇవాళ్టిది పోతుందమ్మా. తప్పు పలకకెక్కిన తేదీ నుంచీ అన్నీ పోతాయి." నిజం చెప్పేశాడు. "అదీగాక, నా సంగతి నాకు తెలుసు. ఇవాళ చెయ్యకపోతే ఇంక చెయ్యను. ఇంటికెళ్ళి ఆ ప్రశంసాపత్రం చూసుకుంటాను, పెద్దసారు గుర్తొస్తాడు, నోరు మూసుకుంటాను."

"బాగుంది!" ఆవిడ లేచి నిలబడింది. "పదకొండేళ్ళు ఊరంతా తిరిగి, మీకు న్యాయం నా ఇంట్లోనే గుర్తు రావాలా? అడిగిన పాపానికి నాకా శిక్ష? నాకు ఇంకెవరున్నారని? పొద్దుటినుంచీ అయిదెప్పుడవుతాదా అని వల కడతాను. ఆ రెండు గంటలే నా బతుకు. అది కూడా లాక్కుని ఇంకెవరికో పెడతారా?"

తవిటినాయుడు గీటు ఫలకాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ అన్నదాంట్లో తప్పు ఒక్కటీ లేదు.

"మా ఎదురిల్లు నాలుగేళ్ళ కిందట మూసుకుపోయింది," అన్నాడు. "కూర్మయ్య అని. రోజూ కాఫీలో చికోరీ కలపాలా వద్దా అని దెబ్బలాడుకునేవాళ్ళం. ఓ సాయంత్రం చూస్తే తలుపు. గోధుమరంగు తలుపు గీసేసి ఉంది. ఎందుకు మూశారో వీధికి చెప్పరు గదా. పోయాడనుకున్నాను. తలమీద నీళ్ళు పోసుకున్నాను. పదకొండోరోజు ఒక్కణ్ణీ కూర్చుని కాఫీ పెట్టుకుని, చికోరీ వేసుకుని తాగాను. ఏడుపొచ్చింది." ఒళ్ళోని ఫలకాన్ని ముట్టుకుని చూపించాడు. "మిగతా ఎనిమిదిమందివీ ఇలాంటివే. అన్నీ ఒకే పీటమీద బొట్టు పెట్టించుకున్నవే. వాడు చచ్చిపోలేదేమో. ఎక్కడో చీకటిగోడ ముందు కూర్చుని, నేను పలకరించడానికి ఎందుకు రాలేదా అనుకుంటున్నాడేమో."

వరహాలమ్మ గోడమీద సింహాచలం ముఖం చూస్తూ ఉండిపోయింది. నాలుగూ ఇరవై అయింది.

"నాది మూస్తే ఆవిడా అలగే అనుకుంటాది," అంది.

"అనుకుంటుంది."

"నీళ్ళు పోసుకుంటాది. పిచ్చిది, జలుబు మనిషి." ముక్కు చీదుకుంది. కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుని, తిరిగి అతనికేసి చూసినప్పుడు ఆవిడ గొంతు మారిపోయింది. "మీ పలకలో ఇళ్ళు రాసుంటాయి గదా. సింహాచలం ఇల్లెక్కడో చెప్పండి. తర్వాత మీ ముద్ర మీరు వేసుకోండి."

"చెప్పకూడదమ్మా."

"బొట్టు చెరపకూడదని ఎవరో అన్నారు. మీరు చెరపలేదు. ఏటయింది?"

అతనికి కోపం వచ్చింది. ఆవిడమీద కాదు. పలకలో వీధి పట్టిక తెరిచాడు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని తనకోసం తెరవలేదు. అంత బుద్ధిమంతుడు!

"అయిదో పేట, నలభై ఒకటో గూడు. నడవలో ఇక్కడికి మూడు కిలోమీటర్లు."

"మూడా?" వరహాలమ్మ నేలమీద కూర్చుండిపోయింది. "తొమ్మిదేళ్ళు! నేను ఏ కాశీ అవతలో ఉందనుకున్నాను. మూడేనా?"

తవిటినాయుడు ఆవిడ పేరు పక్కనుంచి వేలు జరిపి, తన వీధి కూడా తెరిచాడు. "కూర్మయ్యది ఏడో పేట," అన్నాడు పైకే. స్థితి దగ్గర 'మృతి' అని లేదు. 'వరసలో ఉన్నారు, రెండువేల పన్నెండో స్థానం' అని ఉంది. ఆ అక్షరాలు కనబడకుండా కళ్ళు మసకబారితే, చొక్కా చేత్తో తుడుచుకుని మళ్ళీ చదివాడు. అప్పుడు గీటు ఫలకాన్ని పలకమీద పెట్టి, 'రద్దు' అన్నచోట వేలిముద్ర వేశాడు. కారణం గడిలో రాశాడు. "ఆయుధపూజ. పసుపు కుంకుమ. తొమ్మిదీ చూడండి."

పలక పాత లెక్కలు తిరగేసింది. తర్వాత అదే గొంతుతో, "ఆరువందల పధ్నాలుగు ఇళ్ళు పునఃపరీక్షకు చేర్చబడ్డాయి. పరీక్షించుటకు గీటు ఫలకం లేదు. దయచేసి గీటు ఫలకం పెట్టండి," అంది. ఒక్క క్షణం ఆగి, "అయిదువేల రెండువందల ఎనిమిది ఇళ్ళు. గీటు ఫలకం లేదు. దయచేసి పెట్టండి," అంది. తర్వాత అదే మాట మళ్ళీ మళ్ళీ అనడం మొదలుపెట్టింది. అతను దాన్ని బోర్లించాడు.

గోడమీద సింహాచలం నవ్వు, చాట, చిక్కుడుకాయలు అన్నీ ఒక్కసారే పోయాయి. గది ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. వరహాలమ్మ ఆ నల్లగోడని చూడలేదు. అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది. తొమ్మిదేళ్ళుగా వాడని చెప్పులు, మంచం కింద వల చుట్టల వెనక దొరికాయి. ఒకదానికి వారు లేదు. దారంతో కట్టేసుకుంది.

ఇద్దరూ బయల్దేరారు. వరహాలమ్మ ఉండే రెండో పేట నడవ మొదట్లో ఇనుపకమ్మీ అడ్డంగా ఉంది, దానిపైన ఓ చిన్న మాటపెట్టె. "కారణం చెప్పండి. పని. వైద్యం. అంత్యక్రియలు."

"ఎదురింటికెళ్తున్నాను," అంది వరహాలమ్మ.

పెట్టె ఆలోచించింది. "అర్థం కాలేదు. పని. వైద్యం. అంత్యక్రియలు."

"అంత్యక్రియలు వొద్దనే వెళ్తున్నాను," అని ఆవిడ కసిరింది. "అయిదవకముందు నేను ఆ గుమ్మంలో ఉండాలి. లేపు!"

"అర్థం కాలేదు."

వాళ్ళ వెనక ఓ గూటి తలుపు తెరుచుకుంది. నడవలో గొంతులు వినబడటం అలవాటులేని ముసలాయనొకడు తొంగి చూశాడు. ఇంకో తలుపు తెరుచుకుంది. వరహాలమ్మ ఎవర్నీ పట్టించుకోకుండా చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, నడుం వంచి, కమ్మీ కిందనుంచి దూరి అవతల లేచింది. లేచి చేతులు దులుపుకుంది. పెట్టె ఎర్రదీపం వెలిగించి, ఏం చెయ్యాలో తెలియక ఆర్పేసి, మళ్ళీ వెలిగించింది.

"రండి బాబూ," అంది ఆవిడ అటునుంచి. "మీ కూర్మయ్యగారి ఏడో పేట కూడా ఇటేగదా?"

తవిటినాయుడుకి నడుంనొప్పి. కమ్మీని రెండు చేతులా పట్టుకుని, అబ్బా అనుకుంటూ, అతనూ వంగాడు.